సన్నబడ్డ ఏళ్ళు

పనామా నగరం నుంచి వచ్చిన బ్రిసెయిదా
మా దీవి పక్క దిబ్బ మీద మర నిలబెట్టి
బోరు వేసినట్టే వేసింది.
నీళ్ళు పడలేదు, ఏళ్ళు పడ్డాయి.

చెరుకుగడంత పగడం.
తడి తువ్వాలులో చుట్టి ఎత్తుకెళ్ళింది,
పురిటిబిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళినట్టు.
మూడు నెలలకు ఎక్స్‌రేతో తిరిగొచ్చి
మా కిటికీ వెలుగుకి పట్టి చూపింది.
తెల్లగీతా నల్లగీతా కలిపితే ఒక ఏడు.
వెడల్పుగా ఉంటే కడుపునిండా తిన్న ఏడు.
ఇదిగో ఇక్కడ చూడండి, అంది:
ఇరుగ్గా, దగ్గరదగ్గరగా,
పస్తులున్న పిల్లాడి పక్కటెముకల్లా.

"అప్పుడు తుఫానులేమన్నా వచ్చాయా?" ఇనాదిలి అవ్వ అడిగింది.
"లేదవ్వా. ఎండ తగ్గింది."

ఎక్కడో ఉత్తరాన
మాకు నోరు తిరగని పేర్ల ఊళ్ళలో బొగ్గు కాల్చారట.
ఆ పొగ ఇంత దూరం వచ్చిందని మాకేం తెలుసు?
వాసన లేదు, మసి లేదు,
ఆరేసిన బట్ట మీద ఒక్క మచ్చ లేదు.
సూర్యుడికీ నీళ్ళకీ నడుమ
ఎవరో పల్చటి గుడ్డ పట్టుకుని నిలబడ్డారు, అంతే.
వెలుగు కాస్త చిక్కింది.
నీళ్ళు కాస్త చల్లబడ్డాయి.
పగడం ఎదగడం మానలేదు గానీ
బతిమాలించుకుంది.

అవ్వ మోలా కుడుతోంది.
ఎరుపు కింద నలుపు, నలుపు కింద పసుపు,
పైగుడ్డ కోస్తే తప్ప కిందిరంగు కనబడదు.
కత్తెర ఆపి, "మరి పొగ తగ్గాక బాగుపడి ఉండాలిగా?"

బ్రిసెయిదా వేలు పైకొనకి జరిగింది.
కొన్నాళ్ళు తేరుకుంది.
ఆ తర్వాత వేడి.
ఇక్కడ అసలు గీతే లేదు.

ఆ ఏడు నాకు గుర్తే.
పెద్దరొయ్యల కోసం మునిగిన రుఫీనో మావయ్య
పైకి తేలి, పడవ అంచు పట్టుకుని
చాలాసేపు మాట్లాడలేదు.
"కిందంతా సున్నం కొట్టారు" అన్నాడు చివరికి.
మేం నవ్వాం కూడా.

నీడ పట్టిందీ పొగే, దుప్పటి కప్పిందీ పొగే.
నీడ రెండు వానలకి కరిగిపోతుందట,
దుప్పటి మాత్రం మునిమనవల దాకా ఉంటుందట.

దాచేదేముంది, మా చేతులూ కడిగినవి కావు.
ఈ ఇల్లు నిలిచింది పగడం మీదే.
తాత గునపంతో దిబ్బను పెళ్ళగించి
పడవలకెత్తి, నీళ్ళలో పోసి, నేల చేశాడు.
ఏ మూల కింద ఎన్ని పడవలో
అవ్వకి ఇప్పటికీ నోటికొచ్చు.
ఉత్తరాది పొగ లెక్క ఎవరి నోటికొచ్చో!

డిసెంబరు ఆటుపోట్లకి నీళ్ళు
గడప దాటి పొయ్యిరాళ్ళ దాకా వచ్చి పోతున్నాయి.
అవ్వ కొత్త మోలా మొదలెట్టింది.
చేప లేదు, పిట్ట లేదు, వట్టి గీతలు.
పైన నాలుగువేళ్ళ మేర
ఏ రంగు పెట్టాలో తోచక వదిలేసింది.
పడవ దిగిన పర్యాటకులు "ఎంత?" అని అడిగితే
"ఇంకా అవలేదు" అంటుంది,
ఒడిలోకి లాక్కుని.