అందింపు

నెలీదా పంపిన మొదటి ముక్కలో
ఒక కుర్చీ మాత్రమే ఉంది.
తను వచ్చి కూర్చోవడం మరిచిపోయిందట.
నాలుగు నిమిషాల కుర్చీ.
తీసెయ్యనా అని రాశాను.
ఉంచు, దానికీ ఎవరూ లేరు, అంది.

మోంతెవిదేయోలో ఏప్రిల్ అంటే ఆకులు రాలే కాలం.
పాత పేటలో ఆమె మూడో అంతస్తు,
అవతలి ఒడ్డు కనిపించని నది పక్కన
నా ఎనిమిదో అంతస్తు.
నడిస్తే ఇరవై నిమిషాలు.
ఆ నెలలో అది మరో ఖండం.
ఆదివారం సాయంత్రాలు వీధి మూలన మంటేసి
డప్పులు కాచి బిగించే కుర్రాళ్ళు రాలేదు.
ఎవరింటి అటక మీదో
తోళ్ళు సడలి ఉంటాయి.

ముప్పైయొక్క ఏళ్ళు ఆమె వేదిక కింద బతికింది.
చెక్క గూటిలో, నడుం వంచి,
చిన్న దీపం దగ్గర రాతప్రతి పట్టుకుని
రాజులకీ తాగుబోతులకీ
గొంతులో ఇరుక్కున్న మాట అందించేది.
చప్పట్లు ఆమె నెత్తిమీది పలకల మీద కురిసి
అటే వెళ్ళిపోయేవి.
ఆమె ముఖం చూసినవాళ్ళు తక్కువ.
ఆమెకు అందరి చెప్పులూ తెలుసు.

నాటకశాల మూతపడ్డాక
సినిమా తీస్తానంది.
నటి తనే. పప్పుల డబ్బాకు ఆనించిన ఫోను కెమెరా.
తెరిచిన ఫ్రిజ్ తలుపు దీపం.
కథ ఏమిటంటే, ఒక మనిషి తలుపు దగ్గరికి వెళ్తుంది.
అంతేనా, అన్నాను.
ఎలా వెళ్తుందో నువ్వు చూడలేదుగా, అంది.

నా పని కత్తిరింపు.
దగ్గులు తీసేస్తాను, తడబాట్లు తీసేస్తాను,
మనుషులు ఊరికే ఉండే చోట్లన్నీ తీసేస్తాను.
ఆ నెల నా దగ్గరికి చేరినవన్నీ అవే.

ఒక ముక్కలో మాతే కాచుకుంటుంది.
ఒకే గొట్టం పదిమంది నోళ్ళు తిరిగే ఊరు మాది.
తను పీల్చి, అలవాటు కొద్దీ
బుర్రను పక్కకు చాపుతుంది.
చెయ్యి గాలిలో అలాగే కాసేపు.
తర్వాత ఎడమచేత్తో తనే అందుకుంటుంది.
గ్రాసియాస్ అనదు. మా దగ్గర ఆ మాటకు
ఇక నాకు పొయ్యకు అని అర్థం.
అది నటనో కాదో నేను అడగలేదు.

ఇరవై రెండో రోజు, అసలు ఘట్టం.
తలుపు దాకా వచ్చింది. గొళ్ళెం మీద చెయ్యి.
ఒక్క వాక్యం చెప్పాలి, తను రాసుకున్నదే,
రోజుకు ముప్పైసార్లు వల్లించినదే.
రాలేదు.
ఊరందరికీ మాట అందించిన నోరు
తెరుచుకుని ఉండిపోయింది.
చూపు కిందికి వెళ్ళింది,
గూడు ఉండాల్సిన చోటికి.
అక్కడ గచ్చు. ఒక చీమ.
నా తెర అడుగున అంకెలు కదులుతున్నాయి,
తొమ్మిది, పది, పదకొండు.
ఫ్రిజ్ గురగుర.
పదిహేడో సెకనులో
గోడ అవతల్నుంచి ముసలి గొంతు, విసుగ్గా:
"వాన వెలిసిందేమో చూసొస్తాను."
ఆపైన కాస్త మెత్తగా:
"అదేగా అమ్మా, నీ మాట?"

ఇన్నాళ్ళూ విన్నాడన్నమాట.
పలచటి గోడ. తొమ్మిదేళ్ళ పొరుగు.
మెట్ల మీద తలూపడం తప్ప ఎరుగదు.

నెలీదా వృత్తి మనిషి.
వెనక్కి తిరిగి చూడలేదు.
వాక్యం అందుకుంది, చెప్పింది, తలుపు తీసింది.
మెట్ల దీపం ఆరి, మళ్ళీ వెలిగింది.

ఆయన పేరు వెయ్యాలి కదా, అన్నాను.
గోడ తట్టి అడిగిందట.
పేరెందుకు, ఆ చివర కొంచెం గట్టిగా చెప్పు,
నాకు కుడిచెవి సరిగ్గా వినపడదు, అన్నాడట.

అందుకని పోస్టరు మీద ఏకపాత్ర అనే ఉంటుంది.
అబద్ధం. దిద్దలేదు.
ఆ పదిహేడు సెకన్ల మీద కత్తెర పెట్టలేదు.
వాటిని మళ్ళీ మళ్ళీ నడిపించి చూసిన రాత్రి
లేచి, దీపం తీసేసి,
నా గోడకు చెవి ఆనించాను.
అవతల ఎవరో
కుళాయి కట్టేశారు.