నేలమాళిగ మీటరు

గోడలకున్న చిన్న గాజుకళ్ళలోకి చూడటం నా ఉద్యోగం.
బ్యూనస్ ఐరిస్‌లో, ఫ్లోరెస్ పేటలో
పంతొమ్మిదేళ్ళుగా కరెంటు మీటర్లు చదువుతున్నాను.
ఎవరింట్లో ఎప్పుడు పడుకుంటారో
వాళ్ళ దేవుడికన్నా ముందు నాకే తెలుస్తుంది.

ఒకే భవనం, రెండు మీటర్లు.
పైన బట్టల కొట్టు. అద్దాల వెనక తలలేని బొమ్మలు
రాబోయే ఎండాకాలపు గౌన్లు తొడుక్కుని నిలబడ్డాయి.
ఆరింటికి షట్టరు దిగగానే ఆ చక్రం నీరసించి ఆగుతుంది.
కింద నేలమాళిగ.
పన్నెండు కుట్టు మిషన్లు, ఒక రేడియో,
అట్టపెట్టెలో నిద్రపోయే చంటిపిల్ల.
ఆ చక్రానికి గానుగెద్దు బతుకు,
తెల్లారిందో లేదో దానికి అక్కర్లేదు.

పైన హాన్ ఓక్‌జా. కొరియావిడ.
పేటలో అందరూ "చైనావిడ" అంటారు,
నలభై ఏళ్ళు దిద్దీ దిద్దీ ఊరుకుంది.
కొడుకు పళ్ళ డాక్టరు, నా జ్ఞానదంతం పీకింది అతనే.
ఒకసారి బస్సులో ఎవరో "మీ దేశం పో" అన్నారట.
పుట్టింది ఈ వీధిలోనే కాబట్టి
ఎటు పోవాలో తెలియక తర్వాతి స్టాపులో దిగిపోయాడట.

కింద ఫ్రోయిలాన్ చోకెవాంకా. బొలీవియా మనిషి.
ఆ దేశం పేరు పలికేటప్పుడే
మా వాళ్ళ నోట్లో ఉమ్మి ఊరుతుంది.
కూతురు నెలీదా లెక్కల్లో ఫస్టు.
బడి నుంచి వచ్చి గుండీలు కుడుతుంది, వందకి ఇంతని.
అద్దం మీద అంటించిన ధరలో
కుట్టిన చేతికి ఎన్నో వంతు వస్తుందో
ఆ పిల్ల దశాంశాలతో సహా చెప్పగలదు.

పిండేవాళ్ళు పైన, పిండబడేవాళ్ళు కింద.
ఇంతే కదా అనుకున్నాను,
ఆఫీసులో పాత రిజిస్టర్లు కట్టలు కట్టేదాకా.
చెదలు వదిలేసిన ఒక పేజీలో
అదే నేలమాళిగ, అదే మీటరు నంబరు.
డెబ్భై తొమ్మిది, జూలై. యూనిట్లు దాదాపు ఇప్పటివే.
పేరు: హాన్ ఓక్‌జా.

అడిగితే, మెడలో టేపు తీయకుండానే చెప్పింది.
"ఆరేళ్ళు. నా పెద్దది నారింజపళ్ళ పెట్టెలో పెరిగింది."
విమానంలో వచ్చారు, చేతిలో ముద్రపడిన కాగితంతో,
పరుపులో కుట్టి తెచ్చుకున్న కొంచెం డబ్బుతో.
చర్చి ఆడవాళ్ళు పదమూడుగురు చీటీ కట్టారు.
రెండో నెలకే పాట ఈవిడది.
రెండు మిషన్లు. ఆ తర్వాత పై అంతస్తు.

నోరు ఊరుకోక కిందికెళ్ళి ఆ మాట అన్నాను.
ఫ్రోయిలాన్ మిషను ఆపలేదు.
"మాకూ చీటీ ఉంది. పసనాకు అంటాం.
నా మొదటి పాట సరిహద్దులో
కాగితాలు అడగకుండా దాటించినవాడికి.
రెండోది తమ్ముడి ఛాతీ ఎక్స్‌రేకి.
మూడోది పైకే వెళ్ళింది, అద్దె బాకీ."
దారం కొరికాడు.
"ఆరేళ్ళన్నారా ఆవిడ? నాకు పదకొండు."

మా అమ్మమ్మ గలీసియా నుంచి ఓడలో వచ్చింది,
ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికింది.
ఆమె యాస మీద జోకులు నా చిన్నప్పుడు కూడా చెప్పుకునేవారు.
ఇప్పుడు నన్నెవరూ కాగితాలు అడగరు.
ఓపికుంటే ఎవరైనా మెట్లెక్కొచ్చని మా నాన్న అనేవాడు.
మెట్లున్న మాట నిజమే నాన్నా,
ఎక్కినవాళ్ళు కింది మెట్టు అద్దెకిస్తారని
చెప్పడం మరిచిపోయావు.

మొన్న పేటంతా కరెంటు పోయిన రాత్రి
నేనేదో చేయగలనని నన్ను పిలిచారు.
మిషన్ల చప్పుడు ఆగిపోయేసరికి
మెలకువొచ్చిందట ఓక్‌జాకి.
కొవ్వొత్తి లేదు, ఫోను లేదు.
గోడ పట్టుకోకుండా చీకట్లోకి దిగిపోతోంది, డెబ్భై ఆరేళ్ళ మనిషి.
ఫ్రోయిలాన్ కింద నుంచి ఫోను వెలుగు ఎత్తి పట్టాడు,
"అమ్మా, తొమ్మిదో మెట్టు విరిగింది, జాగ్రత్త" అంటూ.

అతని మాట పూర్తికాకముందే
ఆమె కాలు ఆ మెట్టు దాటేసింది.
నలభై ఏళ్ళనాటి అలవాటు.

ముగ్గురం కాసేపు ఆ మెట్టు వైపే చూశాం.