గోడ

మంగళవారం మమతా దివస.
అంగన్‌వాడీ గుమ్మంలో చెప్పుల కుప్ప పక్కన
నా పెద్ద చెప్పూ నా చిన్న చెప్పూ విడిచి
కునీని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.
మొన్ననే పదహారు నెలలు నిండాయి.
కార్డు మీద దాని పేరు ఒడియాలో,
కింద నా పేరు, ఒక అక్షరం తప్పుగా.

మినతి దీదీ ఐసు పెట్టె మూత తీసింది.
కుడి చేతికొకటి, ఎడమ తొడకొకటి,
ఏడుస్తున్న నోట్లో రెండు చుక్కలు.
"కిచ్ఛి హెబ నాహి, రెండ్రోజులు గోడ నొప్పి"
సగం వాళ్ళ మాట, సగం మన మాట.
ఒడియాలో గోడంటే కాలు.
కాశీనగర్లో పుట్టి పెరిగినవాణ్ణి, తెలీక కాదు,
అయినా ఆ మాట వినగానే నాకు
సున్నం రాలుతున్న గోడే కనపడుతుంది.

పొద్దున నా వేలు పట్టుకుని నడిచొచ్చిన పిల్ల
సాయంత్రం కిందికి దింపితే
కాలు మడిచేసుకుంది,
నేల పెనంలా కాలినట్టు.
సిరప్పు పోశాం. తడిగుడ్డ వేశాం.
"దీదీ చెప్పింది కదా" అంది దమయంతి.
మళ్ళీ అంది. పదోసారి అన్నప్పుడు
అది నాతో అన్నది కాదు.
"గుంటకి ఏటైందిరా" అని
మా అమ్మ అడగనే లేదు.
పొయ్యి దగ్గర్నించి చూస్తూ ఉండిపోయింది.
పప్పు అడుగంటింది.

బుధవారం తెల్లారి
కునీ గోడ పట్టుకుని లేచింది.
ఎడమ అరచెయ్యి ఎడమ తొడకి ఆనించి,
మోకాలు వెనక్కి నెట్టి,
నడుం ఓ పక్కకి ఒరిగించి
ఒక్కడుగు.

ఆ నడక నాది.
వంశధార గట్టు మీద, సంతలో, పెళ్ళి పందిళ్ళలో
నా వెనకాలే పిల్లలు వేసి చూపించుకునే నడక.
మిషను ముందు కూచున్నప్పుడే
నేను నిటారు మనిషిని.
నొప్పికా, నన్ను చూసి నేర్చుకునా?
అడిగితే చెప్పే వయసు కాదు.

నాకు గుర్తులేదు, విన్నదే.
మూడు రోజుల జ్వరం,
నాలుగో నాడు కాలు గుడ్డపీలికైంది.
రైలుకి డబ్బుల్లేక అమ్మ నన్ను వీపున కట్టుకుని
పట్టాల వెంబడే పర్లాకిమిడి దాకా నడిచిందట.
అక్కడి డాక్టరు ఏమన్నాడో
ఇప్పటికీ చెప్పదు.

ఆ రాత్రి ఆముదం గిన్నె పట్టుకొచ్చి
తొడ దాకా చాచిన చెయ్యి ఆపుకుంది.
రుద్దకూడదంది దీదీ.
దీపం తగ్గించాక దాని పిక్కలు తడిమింది,
ఇదీ, అదీ, మళ్ళీ ఇదీ.
తరవాత నావి.
నేను నిద్రపోతున్నట్టే ఉన్నాను.

పదకొండింటికి వాకిట్లోకొచ్చి ఫోను చేశాను.
దీదీ విసుక్కోలేదు. "వేళ్ళు కదుపుతోందా?"
లోపలికెళ్ళి అరికాలు గిలిపెట్టాను.
అయిదు వేళ్ళూ ఒక్కసారి ముడుచుకుని పారిపోయాయి.
"జ్వరం?" తగ్గింది.
"అయితే పడుకో దర్జీ.
ఎల్లుండికీ ఇలాగే ఉంటే తీసుకురా."
ఎల్లుండి దాకా అక్కర్లేకపోయింది.

గురువారం మధ్యాహ్నం కునీ గోడ వదిలేసింది.
దారపుండ వెంట పడింది, బల్ల కింద దూరింది,
సుద్దముక్క కొరికి ఉమ్మేసింది.
పెడలు తొక్కని నా కాలు
అక్కడ ఊరికే వేలాడుతూ ఉంటుంది.
దాన్ని పట్టుకుని తలెత్తింది:
"తూది?"

లేదమ్మా, అన్నాను.
నాకు సూది లేదు.

నమ్మినట్టు లేదు.
బుగ్గలు పూరించి ఉఫ్ మని ఊదింది,
సగం గాలి, సగం ఉమ్మి.
ఆ తడి ఆరేదాకా మిషను తొక్కలేదు.
పక్కన స్కూలు చొక్కాలు,
గుండీలు కుట్టాల్సినవి,
ఇంకా పద్నాలుగున్నాయి.