సున్నా ఎక్కడ పెట్టాలి

కోకాపేటలో ఇంకా లేని ఒక టవర్‌కి
కావూరి హిల్స్‌లో ఏసీ కింద కూర్చుని
నేను అంతస్తులు వేస్తుంటాను.

కిందటేడు పెళ్ళిచూపుల్లో
ఎవరో పెద్దాయన "మీ అంతస్తు..." అని మొదలుపెడితే
నలభై రెండు అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

తెర మీద అంతస్తంటే గోడ కాదు, స్లాబూ కాదు.
ఒక గీత, గీత కొసన గుండ్రం,
గుండ్రం పక్కన ఓ అంకె.
మూడో గీతని పట్టి నూట యాభై మిల్లీమీటర్లు పైకి లాగితే
దాన్ని నమ్ముకున్న గోడలు, తలుపులు, కమోడ్లు
మారుమాట లేకుండా లేచి నిలబడతాయి.
నమ్ముకోనివి ఉన్నచోటే ఉంటాయి.
నిన్నొక వాష్ బేసిన్
గచ్చులో మెడదాకా కూరుకుపోయి కనబడింది.
ఎవరో తొందరలో దాన్ని కింది అంతస్తు ఖాతాలో రాశారు.

పన్నెండు తర్వాత పన్నెండు-ఏ.
పదమూడు అమ్ముడుపోదట.
పేరు మార్చాను, ఎత్తు అదే,
పడితే తగిలే దెబ్బా అదే.

ఏ గీతనైనా తుడవబోతే సాఫ్ట్‌వేర్ ఆగి అడుగుతుంది:
దీని మీద ఆధారపడ్డవి రెండువందల పద్నాలుగు,
అవీ పోతాయి, సరేనా?
చెరువులు పూడ్చినప్పుడు
ఇలా అడిగే పెట్టె ఒకటి తెరుచుకుందో లేదో.

"ముందు సున్నా తేల్చండమ్మా" అంటారు ఇంతియాజ్ సార్.
"సున్నా తప్పితే నలభై రెండూ తప్పే."
ఆర్కిటెక్ట్ సున్నా లాబీ పాలరాయి మీద.
స్ట్రక్చర్ వాళ్ళ సున్నా దానికి మూడంగుళాల కింద, ఉత్త కాంక్రీటు మీద.
ప్లంబర్‌ని అడిగితే రోడ్డు చూపిస్తాడు.

తేల్చుకుందామని సైటుకే వెళ్ళాను.
పేల్చగా మిగిలిన గుండు మీద ఎర్రరంగు గుర్తు.
లేజర్‌కి చార్జింగ్ లేదు.
నీళ్ళ పైపు ఒక కొస నా చేతికిచ్చి
కురుమయ్య రెండోది పట్టుకుని పిల్లర్ దాకా నడిచాడు.
"బుడగ లేకుండ చూడు బిడ్డా.
బుడగుంటే నీళ్ళు గూడ తప్పు చెప్తయ్."
ఈ గుర్తు సముద్రానికి ఐదువందల డెబ్బై మీటర్ల పైన ఉందని
నాకు తెలిసింది నేనూ చెప్పాను.
ఆయన బొటనవేలు పైపు మూతి మీదే ఉంచి
కాసేపు ఆలోచించాడు.
"గంత దూరం... రెండో కొస ఎవలు వట్టిన్రు?"

నేనుండేది బోరబండలో, మణెమ్మ ఇంట్లో అద్దెకి.
కట్టిన రోజుల్లో మూడు మెట్లెక్కి లోపలికి పోయేవాళ్ళట.
రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు వేశారు,
పాతది తవ్వి తీసినవాళ్ళు లేరు.
ఇప్పుడు రెండు మెట్లు దిగి పోతాం.
మూడో మెట్టు ఎక్కడుందో తారుకే తెలియాలి.
వీధి గీతని ఎవరో పైకి లాగారు,
ఇల్లు దాన్ని నమ్ముకోలేదు.

వాన వస్తే గడపకడ్డంగా ఇటుకలు, తడి గోనెసంచి.
బియ్యం డ్రమ్ము మంచమెక్కుతుంది, మేం దిగుతాం.
మొన్న చీపురుతో నీళ్ళు తోస్తూ అడిగింది మణెమ్మ:
"నీ కంప్యూటర్ల మా ఇల్లు లేపరాదే?
జానెడు చాలు."

ఆ మర్నాడు టవర్ ఫైల్లో
సున్నాకి నాలుగువందల ఇరవై కింద
ఒక గీత గీసి "మణెమ్మ గడప" అని పేరు పెట్టాను.
రెండు వారాలు ఎవరూ చూడలేదు.
సెల్లార్ ర్యాంపు దాన్ని దాటుకుంటూ దిగింది.

ఇవాళ ఫైలు పంపే ముందు
ఇంతియాజ్ సార్ గీత మీద వేలు పెట్టారు.
"ఇదేంటి? దీని మీద ఏం లేదు కదా?"
ఏం లేదు సార్, అన్నాను.
తుడిచేశారు.
సాఫ్ట్‌వేర్ ఈసారి ఏమీ అడగలేదు.

కిటికీ బయట దుర్గం చెరువు వైపు మబ్బు దిగింది.
మెట్ల దగ్గరికి వచ్చి ఫోన్ చేశాను.
మణెమ్మా, డ్రమ్ము పైన పెట్టు.