చలి తయారుచేసేవాడు

బస్సు ఆగిపోయింది.
ఒరూరో దాటాక, ఏ ఊరికీ చెందని చోట.
డ్రైవరు బానెట్ ఎత్తి చూశాడు, దించాడు,
కాసేపాగి మళ్ళీ ఎత్తాడు,
ఇంజను మనసు మార్చుకుంటుందేమోనని.
పదకొండు మందిమి, ఒక గొర్రె.
మాలో గొర్రెకే సరైన కోటుంది.

కసిమిరా మమ్మల్ని రమ్మనలేదు.
తలుపు తీసిపెట్టి లోపలికి వెళ్ళిపోయింది,
పిలుపంటే అదే.
లామా పిడకల పొగలో కళ్ళు నులుముకుంటూ
గిన్నె అందుకున్నాను.
పలచటి పులుసు. అందులో నల్లగా, ముడతలు పడి,
బొగ్గనుకుంటే బొగ్గు, గులకరాయనుకుంటే గులకరాయి.
పన్ను మాత్రం మెత్తగా దిగింది.
తడిసిన మట్టి రుచి,
చివర్లో ఎక్కడో ఆలుగడ్డ జ్ఞాపకం.

"చూన్యో" అంది.
ఎప్పటిదని అడిగాను.
ఆవిడ అయ్మారాలో చెప్పింది, కొడుకు స్పానిష్‌లోకి దించాడు:
"నేను పుట్టిన ఏడాదిది."
వాడికి మీసాలొచ్చాయి.

నా పనేమిటో చెప్పక తప్పలేదు.
పల్లపు వాణ్ణి, శాంతా క్రూజ్ ఉక్కలో పెరిగినవాణ్ణి.
కోళ్ళ కంపెనీల చలిగదులకు
కంప్రెసర్లు బాగుచేస్తాను.
ఒక్క రాత్రి కరెంటు పోతే
నాలుగు టన్నుల మాంసం పాడవుతుందని
దిండు కింద ఫోను పెట్టుకుని పడుకుంటాను.
ఇదంతా కొడుకు ఎలా కుదించాడో గానీ
"చలి తయారుచేస్తాడట" అన్నాడు.
ముసలి ఫోర్తునాతా బోసినోరు తెరిచి
మోకాళ్ళు చరుచుకుంటూ నవ్వింది.
"ఎందుకు నాయనా, ఊరికే వచ్చేదాన్ని!"

తెల్లారి బూట్లు విప్పమన్నారు.
గడ్డి మీద మూడు రాత్రులుగా పరిచిన దుంపలు
గోలీల్లా బిగుసుకుని ఉన్నాయి.
ఎండ పొడ తగిలి అవి కాస్త వదులయ్యే వేళ
కుప్పలు చేసి, మీదెక్కి తొక్కాలి.
మడమ తిప్పాలి, నడుము ఊపాలి, తొందర కూడదు.
కాలివేళ్ళ సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతాయి,
తొక్కలు జారిపోతాయి,
కాసేపటికి నా కాళ్ళు నావి కావు.
జేబులో థర్మామీటరుంది,
తీయబుద్ధి కాలేదు.
ఫోర్తునాతా నా పాదాలు చూసి
"పాపం, పాలుతాగే పిల్లలు" అంది.

మధ్యాహ్నం చారల గుడ్డ నేలమీద పరిచారు.
అప్తాపి అంటారట, ఎవరి దగ్గరున్నది వాళ్ళు
దాని మీద కుమ్మరించడమే:
ఉడికిన బఠానీలు, ఉప్పు జున్ను, ఎండు మాంసం,
రాతిమీద నూరిన లొకోతో మిరప కారం.
డ్రైవరు దాచుకున్న రెండు గుడ్లు కూడా బయటికొచ్చాయి.
నేను సిగ్గుపడుతూ బిస్కెట్ పొట్లం విప్పి పోశాను.
ముందు అయిపోయినవి అవే.
గొర్రె యజమాని నా వేలి కిందనుంచి
చివరి ముక్క లాక్కున్నాడు.
అంతకంటే ఆప్యాయంగా నన్నెవరూ దోచుకోలేదు.

సాయంత్రానికి బస్సుకి ఊపిరొచ్చింది.
ఎక్కబోతుంటే కసిమిరా వచ్చి నిలబడింది.
ఈసారి కొడుకు నవ్వకుండా చెప్పాడు:
"ఈ మధ్య జూన్‌లో కూడా చలి సరిగా పడటం లేదు.
పోయినేడు సగం దుంపలు గడ్డి మీదే కుళ్ళాయి.
నువ్వు తయారుచేసేదాంట్లో మిగిలితే
కాస్త ఇటు పంపుతావా అంటోంది."
హాస్యమో కాదో తేల్చుకోలేకపోయాను.
ఆవిడ ఆకాశం వైపు చూస్తోంది,
బాకీ ఎగ్గొట్టినవాడి ఇంటివైపు చూసినట్టు.
దోసెడు చూన్యో నా కోటు జేబులో పోసింది.
బరువే తెలియలేదు.

ఇవాళ కోళ్ళ గదిలో మైనస్ పద్దెనిమిది.
యంత్రం బుద్ధిగా గురక పెడుతోంది.
గోడ వెనక అది బయటికి ఊదే వేడిగాలిలో
ఒక పిల్లి రోజూ వచ్చి పడుకుంటుంది.
ఆ వేడి ఆ తర్వాత ఎటు పోతుందో
ఇరవై రెండేళ్ళుగా నేనడగలేదు.

జేబులో ఇంకా నాలుగున్నాయి.
నీళ్ళలో వేస్తే రాత్రికల్లా ఉబ్బుతాయి.
వెయ్యలేదు.