సరి, బేసి

స్ప్లిట్ రేవు వెనక వీధిలో
సముద్రశాఖ పాత కాగితాల గది.
నాకు అప్పగించిన పని చిన్నదే:
రెండు ఫైళ్ళు. ఒకటి చెయ్యాలి.
మా ద్రాజెన్ వాటికి పేర్లు కూడా పెట్టాడు,
"దీపం కొత్తది", "దీపం కొత్తది అసలుది" అని.

యెరోలిమ్ అనే దీపస్తంభం కాపరి
వారానికొక కాగితం చొప్పున
నూట నలభై మూడు కాగితాలు రాశాడు.
ముందువైపు అతని రాత: గాలి, అల, నూనె.
తిప్పితే భార్య పెరీనా రాత.
కాగితానికి కరువున్న దీవి మరి.
ఉప్పెంత, పిండెంత, మేక ఎవరిని పొడిచింది.

స్కానరు ముసలిది, ఒక్క వైపే చూడగలదు.
పొద్దున మొహాలన్నీ చూసింది.
మధ్యాహ్నం కట్ట బోర్లిస్తే వీపులన్నీ చూసింది.
అలా బేసి పేజీలు ఒక ఫైలు,
సరి పేజీలు ఇంకోటి, అదీ చివరినుంచి మొదటికి.
మూడేళ్ళు వీపుకి వీపు ఆనించి కూర్చున్న ఇద్దరిని
లేపి వేరే గదుల్లో కూర్చోబెట్టినట్టు.

ముందు ఆమె ఫైలు తిరగేశాను.
అడ్డంగా పడుకున్న పేజీలను భుజం పట్టి లేపాను.
ఇక తాడు పేనడమే,
అతనిదో పోగు, ఆమెదో పోగు.

బేసి అతనిది, సరి ఆమెది.
సరి ఆమె వంతుకే ఎందుకొచ్చిందో
అక్కడక్కడా చదువుతుంటే తెలిసింది.
అతను "బూరా గాలి, మూడు రోజులు, గాజు పగిలింది" అంటే
ఆమె "ఒక పెంకు నా కాల్లో దొరికింది" అంది.
అతను "పడవ రాలేదు" అంటే
ఆమె "పంచదార లేక ఎవరూ చావలేదు" అంది.

ఎక్కడో పురి జారింది.
అతను నడుముకి తాడు కట్టుకుని తుఫానులో మెట్లెక్కుతుంటే
ఆమె దుప్పట్లు ఉతికి ఎండకి ఆరేస్తోంది.
అతను జ్వరంతో మంచం మీద,
ఆమె అతనితో కలిసి వల బాగుచేస్తోంది.
మాటా మాటా వచ్చిందనుకున్నాను.
ఒకరు చెప్పేది ఒకరు వినడం మానేశారనుకున్నాను.
పెళ్ళయి పన్నెండేళ్ళయినదాన్ని,
ఇలాంటివి నాకు త్వరగా తోస్తాయి.

చివరికొస్తే తేలింది.
ఆఖరి కాగితానికి వీపు లేదు.
అతనివి నూట నలభై మూడు,
ఆమెవి ఒకటి తక్కువ.

కిందికి దిగి, అట్టపెట్టె విప్పి
అసలు కాగితాలు వేలితో తిరగేశాను.
ముప్పై ఒకటోదాని వెనక ఏమీ లేదు.
అవతలి సిరా కొంచెం ఊరింది, అంతే.
ద్రాజెన్ దాచకుండా చెప్పాడు:
"ఖాళీ పేజీలు తీసెయ్యనా అనడిగింది మిషను.
సరే అన్నాను."

ముందువైపు, ఆ వారం, యెరోలిమ్:
"పెరీనాని పడవలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.
దీపం వెలిగించాను.
దీపం వెలిగించాను. దక్షిణపు గాలి.
దీపం వెలిగించాను."
లెక్కపెట్టాను. ఏడు సార్లుంది.

ఆ ఖాళీని స్కాన్ చేయించి తెచ్చి
అరవై రెండో పేజీ దగ్గర దూర్చాను.
చూస్తుండగానే కిందివన్నీ ఒక్కో మెట్టు దిగాయి.
తుఫాను దగ్గరికి తుఫాను వచ్చింది.
జ్వరం పక్కన కషాయం చేరింది.
ఆఖరి కాగితానికి వీపు మొలిచింది.

సేవ్ నొక్కబోతే మళ్ళీ అడిగింది మిషను,
ఒక పేజీ ఖాళీగా ఉంది, తీసెయ్యనా అని.
వద్దన్నాను.
పైకే అన్నట్టున్నాను,
ద్రాజెన్ తలెత్తి చూశాడు.

అరవై నాలుగో పేజీ, ఆమె తిరిగొచ్చిన వారం:
"కోళ్ళలో మూడు లేవు. అడిగితే గాలి మీదికి నెట్టాడు.
నూనె కొలిచాను.
అది మాత్రం సరిగ్గా ఉంది."