నలభై ఒకటో ఆవర్తం

బొహ్దానా వంటింట్లో నాలుగు కుర్చీలు,
ఏ రెంటికీ పోలిక లేదు.
కింద బ్ర్నో ట్రాములు
బురదమంచును కోసుకుంటూ పోతున్నాయి.

"ఇక్కడ పదకొండు మాత్రల మౌనం ఉంది.
అచ్చుతప్పా?"
వయోలా దించి అడిగాడు ఒతకర్.

సోఫాలోంచి లేవకుండానే చెప్పింది:
"అక్కడ పడుకున్నాను.
లేచేసరికి మార్చి."

ఎవరూ మాట్లాడలేదు. ద్రహోమీరా
సెల్లో కాలిమేకు మళ్లీ బిగించుకుంది,
అవసరం లేకపోయినా.

పొద్దున తొమ్మిదయితే గాని ఆమె వేళ్లు ముడుచుకోవు.
పెన్సిలుకు గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టి
రోజుకి ఇరవై నిమిషాలు రాత,
కొన్నాళ్లు అదీ లేదు.
లయ కొలతకీ మందుబిళ్లకీ
ఒకటే మాటున్న భాష ఆమెకు రాదు.
అయినా గోధుమరంగు సీసా అరచేతిలోకి వంచి
మాత్రలు లెక్కపెట్టడంలో
ఆమెను మించినవాళ్లు లేరు ఈ గదిలో.

మళ్లీ మొదలెట్టారు.
నలభై ఒకటి రాగానే కమానులు ఒళ్లోకి దిగాయి.
ఒకటి. రెండు.
ఫ్రిజ్ గురగురలాడి ఊరుకుంది.
ఏడు దగ్గర ఒతకర్ భుజం కదిలింది.

"ఊహూ," అంది కళ్లు తెరవకుండా,
"నాకింకా తెల్లారలేదు."